కీలెరిగి వాత

గోదావరికి అడ్డముగా పోచంపాడు వద్ద 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా శంకుస్థాపన పొంది నిర్మింపబడిన శ్రీరాంసాగర్ జలాశయమునకు చేరువలో, హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు జాతీయ రహదారి నంటియున్న ముప్కాల్, 2016లో నిజామాబాదు జిల్లాలో నూతన మండలమునకు కేంద్రమైన ఊరు. వరదకాలువ ద్వారా ఆ జలాశయమును తిరిగి నింపుటకై కట్టిన మూడు పంపుహౌసులలో ఒకటి ఈ ఊరి పేరనే ప్రసిద్ధము. నీరు కలిగిన నేల గనుక ఇచట వరియు, పసుపును, మొక్కజొన్నయు, ఎర్రజొన్నయు విస్తారముగా పండును. పండించు దేహములకు మాత్రము అంతటి విశ్రాంతి లభింపదు. నాట్ల కాలమున బురదలో వంగిన నడుము ప్రొద్దుగూకిన పిమ్మటగాని నిటారు కాదు. పసుపు త్రవ్వకము మొదలైనది మొదలు దుంపల నేరుట, కొమ్ములు విరుచుట, ఉడకబెట్టుట, ఆరబోయుట యను పనులన్నియు వంగియో, గొంతుకూర్చుండియో చేయవలసినవే.

పొలముపని లేని దినములలోను, పొలమే లేని ఇండ్లలో ఏడాది పొడవునను, ఈ ప్రాంతపు స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, బీడీగా చుట్టి, మూతి మడిచి, దారముతో కట్టి, వేయింటికింత యను లెక్కన లభించు కూలికై దినమునకు వందల పర్యాయములు ఒకే కదలికను, ఒకే బొటనవ్రేలితో, ఒకే భంగిమలో చేయుచుందురు. జిల్లాకు పడమటి కొసను, మంజీరపై 1923కును 1931కును నడుమ కట్టిన నిజాంసాగరము నీటితో చెరకు పెరిగిన బోధను ప్రాంతమున, 1937లో స్థాపితమై 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి దశాబ్దముల తరబడి చెరకు నరికిన చేతులును, మోపులు మోసిన భుజములును నేడు వార్ధక్యమున ప్రవేశించినవి.

కావున ఈ సీమలో కీళ్ళనొప్పి వయస్సు తెచ్చిన బాధ మాత్రమే కాదు. అధికభాగము అది శ్రమ తెచ్చిన బాధ. "మోకాళ్ళు గుంజుతున్నయి", "చెయ్యి పైకి లేస్తలేదు", "బొటనవేలు పట్టుకపోయింది" అను మాటలు వినబడని వాడ అరుదు. దీనికి ప్రతిక్రియగా రెండు మార్గములే చిరకాలముగా ఆచారములో నున్నవి: ఓర్చుకొనుట మొదటిది, ఓర్పు నశించినప్పుడు ఎవరిచేతనో ఒక సూది వేయించుకొనుట రెండవది. ఆ సూదిలో నున్న మందేమి, అది దేహములో ఎచటికి చేరినది, చేరవలసిన చోటనే చేరినదా యని అడుగువారు కొలదిమంది. వైద్యశాస్త్రము ఈ రెంటికిని మించిన మార్గమును ఇప్పుడు చూపుచున్నది. నొప్పికి మూలమైన స్థానమును అల్ట్రాసౌండ్ స్కానింగుతో ప్రత్యక్షముగా చూచుట, అవసరమైనచో ఆ దృశ్యము సాయముతో మందును ఆ స్థానమునకే పంపుట, ఆ మందు కల్పించిన ఉపశమనకాలములో ఫిజియోథెరపీచే కండరములకు బలమును కీలునకు చలనమును తిరిగి సమకూర్చుట అనునవి అందలి మూడు మెట్లు. లోకము దృష్టి యంత్రముపైనను సూదిపైనను నిలుచుట సహజమే. కాని రోగిని తన కాళ్ళపై నిలుపునది మూడవ మెట్టే యనియు, మన పల్లెలకు అందక పోవుచున్నదియు అదియే యనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కీలులో నొప్పి ఎచట పుట్టును

కీలు నొప్పి యని మనము ఒక్కమాటగా చెప్పుదుము గాని, కీలన్నది ఒక్క వస్తువు కాదు. ఎముకల కొసలను నునుపైన మృదులాస్థి కప్పియుండును. ఆ కొసలను చుట్టి ఒక గుళిక యుండును. దాని లోపలి సైనోవియల్ పొర జిగటయైన ద్రవమును స్రవించి రాపిడిని తగ్గించును. ఎముకను ఎముకకు సంధిబంధనములును, కండరమును ఎముకకు స్నాయుబంధనములును కట్టియుంచును. స్నాయుబంధనము ఎముకపై ఒరసికొను తావులలో బర్సా యను పలుచని ద్రవపు సంచి మెత్తగా అమరియుండును. వీనిలో ఏది చెడినను రోగి చూపు చోటు ఒక్కటే. చికిత్స మాత్రము ఒక్కటి కానేరదు.

ఒక స్త్రీ మోకాలు పట్టుకొని వచ్చినదనుకొందము. మృదులాస్థి అరిగి కీలంతయు మార్పు చెందిన ఆస్టియోఆర్థ్రైటిస్ కావచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము 2019లో ఈ వ్యాధితో జీవించుచున్నవారు సుమారు 52 కోట్ల 80 లక్షలమంది, వారిలో నూటికి అరువదిమంది స్త్రీలు, అన్ని కీళ్ళలోను అధికముగా దీనికి లోనగునది మోకాలే. లేదా, దేహరక్షణకు ఏర్పడిన వ్యవస్థయే తిరుగబడి సైనోవియల్ పొరను వాపుచేయు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ కావచ్చును. దీనికి ప్రధాన చికిత్స సూదియు కాదు, వ్యాయామమును కాదు, రుమటాలజిస్టు పర్యవేక్షణలో దీర్ఘకాలము వాడవలసిన మందులు. అదియును కాక మోకాలి వెనుక ద్రవము చేరి ఏర్పడిన బేకర్ తిత్తియు కావచ్చును.

చేతి సంగతి చూడుడు. బొటనవ్రేలిని మాటిమాటికి చాచి, మడిచి, నొక్కు పనివలన మణికట్టు ప్రక్కన రెండు స్నాయుబంధనములు సాగు ఇరుకుదారి మందమై, వ్రేలు కదలించినంతనే మణికట్టు నుండి మోచేతి వైపునకు నొప్పి ప్రాకును. స్విట్జర్లండు దేశపు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించినందున దీనికి అతని పేరే నిలిచినది. మణికట్టు మధ్యమున నరము నొక్కుకొనిన కార్పల్ టన్నెల్ వ్యాధిలో రాత్రివేళ వ్రేళ్ళు తిమ్మిరెక్కి నిద్ర చెడును. భుజము విషయములో, చేయి పైకెత్తు స్నాయుబంధనములు చినుగుట వేరు. గుళిక బిగిసి, తన చేతిని ఇతరులు ఎత్తినను లేవనీయని ఫ్రోజెన్ షోల్డర్ వేరు. ఈ రెండవది మధుమేహము కలవారిలో మిక్కిలి తరచుగా కానవచ్చును. పేరు తెలియని నొప్పికి మందు వేయుట చీకటిలో చేయు పని. కీలెరిగి వాత పెట్టుమని పెద్దలు చెప్పిన నీతి ఇచట అక్షరాల వర్తించును.

ధ్వనితో చూచుట

1895లో రంట్‌జెన్ కనుగొనిన ఎక్సురే ఎముకను చక్కగా చూపును. ఎముకచుట్టు నున్న మెత్తని భాగములను చూపజాలదు. ఆ లోటును తీర్చినది ధ్వని. మనుష్యుని చెవి సెకనుకు సుమారు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వనిని వినలేదు. కీళ్ళను పరీక్షించు స్కానింగు యంత్రము కోటికి అటునిటుగా కంపనములు గల ధ్వనిని దేహములోనికి పంపును. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు పంపినచో అట్టి స్ఫటికమే కంపించి ధ్వనిని పుట్టించును. రోగి చర్మముపై జెల్ పూసి వైద్యుడు కదలించు ప్రోబులో జరుగునది ఈ క్రియయే. దేహములో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో సాగు తరంగములు ఒక ధాతువునుండి మరియొక ధాతువునకు మారు ప్రతి హద్దువద్దను కొంత వెనుకకు మరలును. మరలివచ్చుటకు పట్టిన కాలమును బట్టి లోతును, మరలిన బలమును బట్టి వెలుగును లెక్కించి యంత్రము తెరపై చిత్రమును రచించును. ద్రవము నల్లగాను, స్నాయుబంధనము సన్నని తెల్లని పోగులుగాను, ఎముక ఉపరితలము ప్రకాశవంతమైన గీతగాను కనబడును.

గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్ 1958లో ప్రకటించిన పరిశోధనతో ఈ విద్య ప్రసూతివైద్యమున స్థిరపడినది. కీళ్ళ వైద్యమునకు వచ్చుటకు మరికొంత కాలము పట్టినది: 1972లో మోకాలి వెనుక బేకర్ తిత్తిని కాలి రక్తనాళములోని గడ్డనుండి వేరుపరచి గుర్తించుటకును, ఆ దశకపు చివరనే రుమటాయిడ్ వ్యాధిలోని పొరవాపును చూచుటకును దీనిని వినియోగించిరి. ఇందులో హానికరమైన కిరణములు లేవు, వ్యయము ఎం.ఆర్.ఐ. కంటె మిగుల తక్కువ. ఎడమభుజమును కుడిభుజముతో పోల్చి చూడవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, రోగి చేయి కదలించుచుండగానే లోపలి స్నాయుబంధనము ఎచట చిక్కుకొనుచున్నదో ప్రత్యక్షముగా కనుగొనవచ్చును.

దీనికి మితులును కలవు. ధ్వని ఎముకను దాటి పోలేదు గనుక ఎముక లోపలి వ్యాధియు, మోకాలి నడుమ లోతుగా నున్న బంధనములును దీనికి సరిగా చిక్కవు. చూచువాని నైపుణ్యమును బట్టియే చిత్రమునకు విలువ. నలువది దాటినవారి భుజమును పరీక్షించినచో ఏ నొప్పియు లేనివారిలో సైతము స్నాయుబంధనపు చినుగులు కనబడుట కద్దు. కావున తెరపై కనబడిన ప్రతి లోపమును నొప్పికి కారణమని నిర్ణయింపరాదు. రోగి చెప్పు కథయు, వైద్యుని చేతిపరీక్షయు ముందు, చిత్రము పిమ్మట.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఫిజియోథెరపీ కేంద్రములలో నొప్పిగల చోట జెల్ పూసి చిన్న తలగల పరికరమును త్రిప్పుచు కొలది నిమిషములు చేయు అల్ట్రాసౌండ్ చికిత్స స్కానింగు కాదు. అందులోను ధ్వనియే యున్నను అది ధాతువులకు కొంత వేడిని, సూక్ష్మకంపనమును ఇచ్చుటకు ఉద్దేశింపబడినది. దానివలన ఏ చిత్రమును రాదు. దానిని చేయించుకొని "స్కానింగు చేసినారు" అని సంతృప్తిపడువారు తమ వ్యాధి ఇంకను చూడబడలేదని గ్రహింపవలెను.

సూది చేయగలది, చేయలేనిది

అమెరికా మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరులో రుమటాయిడ్ వ్యాధితో మంచమునకు అంటుకొనియున్న ఒక స్త్రీకి, తరువాత కార్టిజోన్ యని పేరుపొందిన పదార్థమును ఇచ్చెను. దినముల వ్యవధిలోనే ఆమె లేచి నడిచినది. ఎడ్వర్డ్ కెండాల్, తడేయుష్ రైక్‌స్టయిన్‌లతో కలిసి అతనికి 1950లో నోబెల్ బహుమానము లభించినది. కాని నోటిద్వారాను కండరముద్వారాను దీర్ఘకాలమిచ్చిన ఆ మందు ఎముకలను గుల్లచేయుట, రక్తములో చక్కెరను పెంచుట, ముఖమును ఉబ్బించుట మున్నగు కీడులను వెంటదెచ్చునని త్వరలోనే తేలినది. దేహమంతటికి ఇచ్చుటకు మారుగా వాచిన కీలులోనికే ఇచ్చిన నేమని యోచించి, జోసెఫ్ హాలెండర్ 1951లో హైడ్రోకార్టిజోనును కీళ్ళలోనికి ఎక్కించిన ఫలితములను ప్రకటించెను. నేడు మనము కీలు సూది యనునది ఆ ఆలోచనకు సంతతియే. ట్రయామ్సినలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడును, తరచుగా లిగ్నొకేన్ వంటి తిమ్మిరిమందుతో కలిపి, వాపుగల చోటనే నిక్షేపింతురు.

స్కానింగు సాయముతో చేయునపుడు చర్మమును శుద్ధిచేసి, ప్రోబునకు శుభ్రమైన తొడుగు వేసి, సూదిని తెరపై ప్రకాశించు గీతగా చూచుచు ముందునకు సాగింతురు. నరమును, రక్తనాళమును తప్పించి, సూదిమొన గమ్యమును చేరినదని నిశ్చయించుకొనిన పిమ్మటనే మందును వదలుదురు; అది వ్యాపించుటయు కనబడును. కీలులో ద్రవము నిండియున్నచో ముందుగా దానిని తీసి పరీక్షకు పంపుదురు. డి కెర్వాన్ వ్యాధిలో కొందరి మణికట్టునందు ఆ ఇరుకుదారిని రెండుగా చీల్చు ఒక అడ్డుపొర యుండును. చూడక వేసిన సూది ఒక అరలోనికే చేరి రెండవ అర యథాతథముగా మిగిలిపోవచ్చును. లోతైన తుంటికీలు విషయములో మార్గదర్శనము లేక సూది వేయుట మరింత అనిశ్చితము. బ్రిటనులో 199 మందిపై జరిగి 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో, స్కానింగు సాయముతో తుంటికీలునకు ఇచ్చిన స్టెరాయిడ్ సూది ఆరుమాసముల కాలములో నొప్పిని గణనీయముగ తగ్గించినది.

అయినను సత్యమునకు రెండవ ముఖమును చూపక విడువరాదు. భుజమునకు స్కానింగుతో వేసిన సూదిని, చేతి అంచనాతో వేసిన సూదిని పోల్చి 2021లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, మొదటిదానివలన నొప్పి తగ్గుదలలో అదనపు మేలు స్వల్పమో శూన్యమో యని తేలినది. అనగా, అన్ని సూదులకు యంత్రము అక్కరలేదు. సన్నని, లోతైన, ప్రమాదకరమైన తావులలోను, అంచనాతో వేసినది విఫలమైనపుడును దాని విలువ అధికము. సూదివలన కలుగు ఉపశమనము సామాన్యముగా కొన్ని వారములనుండి మూడు మాసములలోపుననే ముగియును. అరిగిన మృదులాస్థిని అది తిరిగి మొలిపింపలేదు. పైగా, మోకాలి వ్యాధిగల 140 మందిలో కొందరికి రెండేండ్లపాటు పండ్రెండు వారములకొకమారు ట్రయామ్సినలోనును, కొందరికి ఉప్పునీటిని ఎక్కించి 2017లో ప్రకటించిన పరిశోధనలో, నొప్పివిషయమున భేదము లేకపోగా స్టెరాయిడ్ పొందినవారి మృదులాస్థియే అధికముగా క్షీణించినది. టెన్నిస్ ఎల్బో యను మోచేతి నొప్పిలో 2013 నాటి ఆస్ట్రేలియా పరిశోధన మరింత స్పష్టము: స్టెరాయిడ్ సూది పొందినవారిలో నూటికి 54 మందికి ఏడాదిలోపున నొప్పి తిరుగబెట్టగా, ఉత్త సూది పొందినవారిలో తిరుగబెట్టినది నూటికి 12 మందికే.

మధుమేహము కలవారికి సూది పిమ్మట కొన్ని దినములు రక్తములో చక్కెర పెరుగును గనుక ముందే వైద్యునికి తెలిపి తరచుగా పరీక్షించుకొనవలెను. మణికట్టువంటి పలుచని తావులలో చర్మము తెల్లబడుటయు, సన్నగిల్లుటయు కలదు. మందు స్నాయుబంధనములోనికే ఎక్కినచో అది తెగు ప్రమాదము కలదు. శుభ్రత లోపించినచో కీలులో చీముపట్టి ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. అర్హతలేని చేతులతో పల్లెలలో వేయించుకొను పేరులేని సూదులు ఇందువలననే భయంకరములు. వానికి తోడు నెలల తరబడి మ్రింగు నొప్పి గోళీలు కడుపులో పుండ్లను, మూత్రపిండములకు హానిని తెచ్చును.

మూడవ మెట్టు

వ్యాయామముతో వ్యాధిని మాన్పు విద్యను స్టాక్‌హోము నగరమున 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్థాపించిన సంస్థ ఒక క్రమమునకు తెచ్చినది. బ్రిటనులో 1894లో నలుగురు నర్సులు స్థాపించిన సంఘము దానిని వృత్తిగా నిలిపినది. మన దేశమున 1952లో బొంబాయిని పీడించిన పోలియో దరిమిలా, 1953లో అచటి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో మొదటి ఫిజియోథెరపీ పాఠశాల వెలసినది. నడువలేని పిల్లలను నడిపించుటకు వచ్చిన ఆ విద్యయే నేడు నడక మానుకొన్న పెద్దలకు ఆధారము కావలసియున్నది.

నొప్పి పుట్టినంతనే మనిషి ఆ భాగమును కదల్చక దాచుకొనును. దాచుకొనిన కొలది కండరము క్షీణించును. కండరము క్షీణించిన కొలది భారమంతయు కీలుపైననే పడును. భారము పెరిగిన కొలది నొప్పి పెరుగును. ఈ చక్రమును సూది ఒకచోట తెంపగలదు, అంతే. పోచంపాడు కాలువకు తూము ఎత్తినంతమాత్రమున పంట పండదు. నీరు వచ్చు నాటికి మడి దున్ని గట్టు కట్టుకొనినవానికే ఆ నీరు ఫలించును, లేనివానికి పారి పోవును. సూది యిచ్చు నొప్పిలేని వారములు అట్టి నీరు. వ్యాయామము ఆ సేద్యము.

ఇది ఊహ కాదు. అమెరికా సైనిక వైద్యశాలలలో మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్ గల 156 మందిలో సగమునకు స్టెరాయిడ్ సూదియు, సగమునకు ఫిజియోథెరపీయు ఇచ్చి ఏడాది పిమ్మట కొలిచిన ఫలితములు 2020లో ప్రకటింపబడినవి. నొప్పి, బిగువు, పనిచేయుటలోని అశక్తత యనువాని నన్నిటిని కలిపి 240 వరకు లెక్కించు కొలమానముపై ఫిజియోథెరపీ పొందినవారి సగటు 37.0, సూది పొందినవారి సగటు 55.8, తక్కువయే మేలు. భుజపు స్నాయుబంధన వ్యాధిగల 708 మందిపై బ్రిటనులో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, సూది వలని మేలు ఎనిమిది వారములనాటికి స్వల్పముగా కనబడి ఏడాది నాటికి మాసిపోయినది. అందులోనే మరియొక పాఠము కలదు: పలుమారులు వచ్చి చేసిన వ్యాయామముకంటె, నిపుణుడు ఒక్కమారు శ్రద్ధతో నేర్పగా ఇంటివద్ద చేసికొనిన వ్యాయామము ఏమియు తీసిపోలేదు. పట్టణమునకు పలుమారులు రాలేని మన పల్లెవారికి ఇంతకంటె శుభవార్త లేదు.

మోకాలి నొప్పిగలవారికి తొడముందరి కండరమును బలపరచుట మొదటి పని. కుర్చీలో కూర్చుండి కాలును నిటారుగా చాచి కొన్ని క్షణములు నిలిపి దింపుట, చేతుల ఊతము లేక కుర్చీనుండి లేచి కూర్చుండుట, వెల్లకిల పండుకొని కాలు మడువక పైకెత్తుట మొదలగునవి యంత్రములు కోరని సాధనలు. దేహభారము ఒక్క కిలో తగ్గినచో అడుగడుగునను మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గునని పరిశోధకులు లెక్కకట్టిరి. బిగిసిన భుజమునకు, సూదితో నొప్పి తగ్గిన వెంటనే, గోడపై వ్రేళ్ళతో మెట్టుమెట్టుగా చేయి ప్రాకించుట, మంచిచేతితో కర్రను పట్టి రెండవచేతిని నెమ్మదిగా లేపుట క్రమముగా చేయింతురు. ఈ వ్యాధి తగ్గుటకు మాసములు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును గనుక ధైర్యము చెప్పుటయు చికిత్సలో భాగమే.

బీడీలు చేయు స్త్రీ విషయమున వ్యాయామమునకు తోడు పనితీరులో మార్పు అనివార్యము. బొటనవ్రేలు వాచినపుడు దానిని కొన్ని వారములు కదలనీయని పట్టీ కట్టుకొనుట, నేలపై వంగి కూర్చుండుటకు మారుగా గోడకు వీపు ఆనించి పీటపై కూర్చుండుట, చాటను ఒడిలో లోతుగా గాక ఎత్తుగా నిలుపుకొనుట, అరగంటకొకమారు లేచి నాలుగడుగులు నడిచి మెడను, భుజములను, మణికట్టును చాచుట — ఇవన్నియు ఫిజియోథెరపిస్టు ఆమె ఇంటిలో, ఆమె కూర్చుండు చోటును చూచి నేర్పవలసినవి. కాని వేయింటికింత యను లెక్కలో విరామమునకు కూలి లేదు. ఈ సంగతిని మరచి ఆమెకు విశ్రాంతిని బోధించుట న్యాయము కాదు. బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టము 1976లో వచ్చినది. వారికై దవాఖానలు వెలసినవి. తెలంగాణ రాష్ట్రము ఆసరా పింఛనులో వారికి చోటిచ్చినది. క్షయకును, ఊపిరితిత్తుల వ్యాధికిని ఇచ్చిన శ్రద్ధలో కొంత వారి చేతులకును ఈయవలసియున్నది.

ఎవరి పని ఎవరిది

బ్రిటనులో 1995 నుండి శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు కీళ్ళలో సూది వేయుచున్నారు. 2013లో వారికి స్వతంత్రముగా మందు వ్రాయు అధికారమును చట్టము కల్పించినది. స్కానింగులో ప్రత్యేక విద్య నార్జించినవారు ఒకే గదిలో పరీక్షయు, సూదియు, వ్యాయామమును రోగికి అందించుచున్నారు. మన దేశమున ఈ పనులు విభజింపబడియున్నవి. గర్భస్థశిశువు లింగనిర్ధారణను అరికట్టుటకై చేసిన 1994 నాటి చట్టము ననుసరించి ప్రతి స్కానింగు యంత్రమును ప్రభుత్వమువద్ద నమోదు చేయవలెను. అర్హతగల వైద్యుడే దానిని నడుపవలెను. ఆడుబిడ్డల ప్రాణరక్షణకై వచ్చిన ఈ కట్టుబాటు సర్వథా న్యాయము. సూది వేయుట ఎముకల వైద్యునిదో, రుమటాలజిస్టుదో, రేడియాలజిస్టుదో పని. నాలుగేండ్లకు పైబడిన పట్టవిద్య చదివి వచ్చు ఫిజియోథెరపిస్టు పని వ్యాయామచికిత్స. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ఆ వృత్తికి జాతీయస్థాయిలో గుర్తింపునిచ్చినది.

పని ముగ్గురి మధ్య పంచుకొనుటలో దోషము లేదు. దోషము ఆ ముగ్గురు ఒకరితో నొకరు మాటాడకపోవుటలో నున్నది. స్కానింగు ఒకచోట, సూది వేరొకచోట జరిగి, "వ్యాయామము చేయుము" అను మాట చీటి చివర ఒక పంక్తిగా మిగిలి, దానిని నేర్పువాడెవడో తెలియక రోగి ముప్కాల్ బస్సెక్కి ఇంటికి పోవును. మూడు మాసములకు మందు బలము తగ్గును, నొప్పి తిరిగివచ్చును, "సూది పనిచేయలేదు" అని మరియొక సూదికై బయలుదేరును. పనిచేయనిది సూది కాదు. దానివెంట రావలసిన సాధన రాలేదు.

రోగి అడుగవలసిన ప్రశ్నలు

సూదికి సిద్ధపడువారు వైద్యుని నాలుగు సంగతులు నిస్సంకోచముగా అడుగవలెను: నా నొప్పికి మూలము ఏ భాగమున నున్నది? సూదిలో నున్న మందు పేరేమి, దానిని చీటిపై వ్రాసి ఇత్తురా? ఈ కీలునకు ఇంతకుముందు ఎన్నిమారులు ఎప్పుడు వేసినారు? ఉపశమనము కలిగిన పిమ్మట ఏ వ్యాయామమును, ఎవరివద్ద నేర్చుకొనవలెను? ఒకే కీలునకు ఏడాదిలో మూడు నాలుగింటిని మించి సూదులు సాధారణముగా వేయరు. కీలుమార్పిడి శస్త్రచికిత్స సమీపించినచో మూడు మాసములలోపున స్టెరాయిడ్ సూదిని వైద్యులు మానుకొందురు. రక్తము పలుచనగుటకు మందులు వాడువారు, మధుమేహము కలవారు, జ్వరమో పుండో కలవారు ముందుగా తెలుపవలెను. సూది వేయించుకొనిన పిమ్మట ఒకటి రెండు దినములు నొప్పి కొంచెము పెరుగుట కద్దు. ఆ దినములలో బరువుపని మానవలెను. కీలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరము వచ్చినచో, అది సూది పిమ్మటనైనను, సూది లేకయైనను, ఆ దినమే పెద్దాసుపత్రికి పోవలెను.

చేయదగినది

నిజామాబాదులో 2013లో ఆరంభమైన ప్రభుత్వ వైద్యకళాశాలయు, దాని ననుబంధించిన ప్రభుత్వ ఆసుపత్రియు కలవు. రేడియాలజీ, ఎముకల వైద్యము, ఫిజియోథెరపీ యను మూడు శాఖలు వారమున ఒక దినము ఒకే వరుసలో కూర్చుండి కీళ్ళ రోగులను చూచినచో, చూచుట, సూది వేయుట, సాధన నేర్పుట యనునవి ఒక్క ప్రయాణములోనే ముగియును. అంతకంటె ముఖ్యమైనది పల్లె. మండల కేంద్రమందలి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వారమున ఒక్క దినమైనను ఫిజియోథెరపిస్టు వచ్చు ఏర్పాటు జరిగినచో, మోకాలి నొప్పిగలవారిలో అధికసంఖ్యాకులకు స్కానింగుతోగాని సూదితోగాని ప్రసక్తియే లేకుండ మేలు చేకూరును. అవి నిజముగా కావలసిన కొలదిమందిని గుర్తించి జిల్లాకు పంపు వివేకమును అచటనే లభించును.

ఈ ఏర్పాటునకు కోట్ల విలువగల యంత్రములు అక్కరలేదు. వెలుతురుగల ఒక గది, రెండు కుర్చీలు, ఒక బల్ల, కొన్ని రబ్బరు పట్టీలు, శిక్షణ పొందిన ఒక మనిషి చాలును. స్కానింగు యంత్రముపై వెచ్చించు ధనములో స్వల్పభాగమైనను ఆ మనిషి జీతమునకు కేటాయించు ప్రభుత్వమే కీళ్ళనొప్పికి నిజమైన చికిత్స చేయు ప్రభుత్వము. పసుపు త్రవ్వినవారికిని, నాట్లు వేసినవారికిని, చెరకు నరికినవారికిని, బీడీలు చుట్టినవారికిని మన సమాజము పడిన ఋణములో, వారి కీళ్ళను వారికి తిరిగి వశముచేయుట మొదట తీర్పవలసిన భాగము.